హార్డ్ డిస్కు ఎంపికలో మీ వ్యాసం వదిలేసిన విషయాలు

సంపాదకులకు,

అయ్యా,

ఇంట్లోని ఫొటోలు, వీడియోలు, కాగితాలు అన్నీ ఒకేచోట దాచుకునే నెట్‌వర్క్ స్టోరేజి సర్వర్ల గురించి మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం బాగుంది. ఎలాంటి పెట్టె కొనాలి, రెయిడ్ (ఒక డిస్కు పోయినా డేటా మిగిలేలా కొన్ని డిస్కులను కలిపి వాడే అమరిక) అంటే ఏమిటి, ఫోన్ నుంచి బ్యాకప్ ఎలా పెట్టుకోవాలి అన్నవి తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పారు. తీరా అందులో వేయాల్సిన హార్డ్ డిస్కుల దగ్గరకు వచ్చేసరికి 'పేరున్న కంపెనీది, టీబీకి (టెరాబైట్‌కు) తక్కువ ధర పడేది తీసుకోండి' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ సలహా ప్రకారం కొన్న డిస్కు ఏడాదో రెండేళ్లో ఏ పేచీ పెట్టకపోవచ్చు. పక్కనున్న డిస్కు పోయి, దాని స్థానంలో కొత్తది పెట్టి, మిగిలినవన్నీ ఒక రోజుకు పైగా ఆపకుండా చదవాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది అసలు తేడా. ఇంటి సర్వర్‌కు డిస్కు ఎంచేటప్పుడు ఆ రీబిల్డ్ రోజునే లెక్కలో పెట్టుకోవాలి. ఉత్తరం పొడుగైనా అందుకే రాస్తున్నాను.

ముందు కంపెనీ పేరు సంగతి. హార్డ్ డిస్కులు తయారుచేసే పెద్ద సంస్థలు ఇప్పుడు మూడే మిగిలాయి: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. శామ్‌సంగ్ తన డిస్కుల వ్యాపారాన్ని 2011లో సీగేట్‌కు అమ్మేసింది. హిటాచీది 2012లో వెస్టర్న్ డిజిటల్ చేతికి వెళ్లింది. మూడూ పేరున్నవే కాబట్టి ఆ సలహాతో తేలేదేమీ లేదు. పైగా పేరు మోడల్‌తో పాటు మారిపోతూ ఉంటుంది. 2000 ప్రాంతంలో ఐబీఎం తెచ్చిన డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ ఎంతగా పాడయ్యేదంటే జనం దానికి 'డెత్‌స్టార్' అని పేరు పెట్టారు. ఆ విభాగం హిటాచీకి చేరింది. పదేళ్లు గడిచాక అదే విభాగం నుంచి వచ్చిన డిస్కులు, వేల డిస్కులు వాడే బ్యాకప్ సంస్థ బ్యాక్‌బ్లేజ్ లెక్కల్లో అతి తక్కువ పాడయ్యేవిగా నిలిచాయి. కాబట్టి ఎంచాల్సింది కంపెనీని కాదు, మోడల్‌ను. పెట్టె మీది సిరీస్ పేరు కూడా చాలదు, డిస్కు లేబుల్ మీది పూర్తి మోడల్ నంబరు కావాలి.

మోడల్ నంబరు దొరికాక మొట్టమొదట తేల్చుకోవాల్సింది అది సీఎంఆరా, ఎస్‌ఎంఆరా అన్నది. సీఎంఆర్ డిస్కులో ట్రాకులు విడివిడిగా ఉంటాయి. ఏ ట్రాకునైనా పక్కదాన్ని కదపకుండా తిరగరాయొచ్చు. ఎస్‌ఎంఆర్‌లో ఇంటికప్పు మీద పెంకులు పరిచినట్టు ఒక ట్రాకు అంచు మీదికి తర్వాతి ట్రాకు ఎక్కి ఉంటుంది. చదివే హెడ్‌కు సన్నటి గీత చాలు, రాసే హెడ్‌కు వెడల్పు కావాలి. ఆ తేడాను వాడుకుని అదే ప్లాటర్ (డిస్కు లోపల తిరిగే పళ్లెం) మీద ఎక్కువ డేటా కుక్కుతారు. చదవడంలో ఇబ్బంది లేదు. మధ్యలో ఒక్క ట్రాకు మార్చాలన్నా దాని మీద ఎక్కి ఉన్న వరస మొత్తం చదివి, మళ్లీ రాయాలి. ఈ అవస్థ బయటికి కనిపించకుండా డిస్కులోనే కొంత భాగాన్ని మామూలు పద్ధతిలో ఉంచి, రాతలన్నీ ముందు అక్కడ దింపుకుని, తీరిక దొరికినప్పుడు అసలు చోటికి సర్దుతారు. ఇంటి కంప్యూటర్‌లో ఆ తీరిక దొరుకుతుంది. రీబిల్డ్‌లో దొరకదు. గంటల తరబడి ఎడతెగని రాత పడుతుంటే ఆ దింపుడు చోటు నిండిపోతుంది, వేగం అడుగంటుతుంది, డిస్కు జవాబివ్వడం ఆలస్యమై కంట్రోలర్ దాన్నే 'చచ్చిపోయింది' అని పక్కన పెట్టే ప్రమాదం కూడా ఉంది. ముఖ్యంగా జడ్‌ఎఫ్‌ఎస్ (రెయిడ్ పని కూడా తానే చేసే ఫైల్ సిస్టమ్) వాడేవాళ్లకు ఇది ప్రాణాంతకం. సీఎంఆర్ డిస్కుకు ఒక రోజులోపు అయిపోయే రీబిల్డ్ ఎస్‌ఎంఆర్ డిస్కుకు రోజుల తరబడి సాగుతుంది.

ఇదంతా ఊహ కాదు. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ తన 'రెడ్' వరసలోని 2 నుంచి 6 టీబీ మోడళ్లలో కొన్ని ఎస్‌ఎంఆర్ అని ఒప్పుకుంది. అవి సర్వర్ల కోసమనే అమ్ముతున్న డిస్కులు. గొడవయ్యాక ఆ వరసను విడగొట్టింది: ఒట్టి 'రెడ్' ఎస్‌ఎంఆర్, 'రెడ్ ప్లస్', 'రెడ్ ప్రో' రెండూ సీఎంఆర్. సీగేట్‌లో ఐరన్‌వోల్ఫ్, ఐరన్‌వోల్ఫ్ ప్రో సీఎంఆర్. 8 టీబీ బారకూడా ఎస్‌టీ8000డీఎం004 ఎస్‌ఎంఆర్. తోషిబాలో ఎన్300 సీఎంఆర్. ఇప్పుడు మూడు కంపెనీలూ తమ వెబ్‌సైట్లలో మోడల్‌వారీ జాబితా పెట్టాయి, కొనేముందు అందులో చూసుకోవాలి. ఇప్పటికే కొన్న డిస్కు మీద అనుమానం ఉంటే ఒక చిన్న ఆనవాలు: డిస్కు స్థితిని చూపే స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రామ్ వివరాల్లో తిరిగే డిస్కుకు 'ట్రిమ్' (ఏ చోటు ఖాళీ అయిందో డిస్కుకు చెప్పే) ఆదేశం అందుబాటులో ఉందని చూపిస్తే అది దాదాపుగా ఎస్‌ఎంఆరే, ఎందుకంటే ట్రిమ్‌తో సీఎంఆర్ డిస్కుకు పనే లేదు. చూపించకపోయినంత మాత్రాన సీఎంఆర్ అని ధీమాగా ఉండకూడదు. 10 టీబీ దాటిన సర్వర్ డిస్కుల్లో ఈ బెడద తక్కువే. కానీ పాత డిస్కుల మార్కెట్లో 'హోస్ట్ మేనేజ్డ్' ఎస్‌ఎంఆర్ డిస్కులు మహా చవకగా తగులుతుంటాయి. డేటా సెంటర్లు ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్‌తో వాడి వదిలేసినవి అవి. ఇంటి సర్వర్‌కు వాటి మీద మామూలుగా రాయడమే కుదరదు. ఉచితంగా ఇచ్చినా వద్దనాల్సిన సరుకు.

రెండోది, డిస్కు ఒక సెక్టార్‌ను (డేటా దాచే చిన్న గడిని) చదవలేకపోయినప్పుడు ఎంతసేపు తంటాలు పడుతుందన్నది. డెస్క్‌టాప్ డిస్కుకు తోడు లేదు, ఆ సెక్టార్ పోతే పోయినట్టే. అందుకే అది నిమిషం, ఒక్కోసారి అంతకు మించి కూడా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. రెయిడ్‌లోని డిస్కు అంత కష్టపడక్కర్లేదు. 'చదవలేకపోయాను' అని గబుక్కున చెప్పేస్తే మిగిలిన డిస్కుల నుంచి ఆ ముక్కను లెక్కగట్టి తిరిగి రాసేస్తారు. అందుకే సర్వర్ డిస్కులు సాధారణంగా 7 సెకన్లలో చేతులెత్తేస్తాయి. సర్వర్లను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మామూలుగా ఒక ఆదేశానికి 30 సెకన్లు ఆగుతుంది. డిస్కు నిమిషం పాటు మూగబోతే ఆ గడువు ముందే ముగుస్తుంది, లింకు రీసెట్ అవుతుంది. లెక్కగట్టిన ముక్కను తిరిగి రాయబోతే డిస్కు ఇంకా పాత సెక్టార్‌తోనే కుస్తీ పడుతూ ఉంటుంది. రాత విఫలమైంది కాబట్టి డిస్కు మొత్తాన్ని రెయిడ్ బయటికి నెట్టేస్తుంది. ఒక్క చెడ్డ సెక్టార్‌కు 16 టీబీల డిస్కు పోయినట్టు లెక్క. ఇలా గెంటేసిన డిస్కులను తీసి పరీక్షిస్తే చాలావాటిలో చెప్పుకోదగ్గ లోపమే ఉండదు.

దీన్ని కొన్నరోజే సరిచూసుకోవచ్చు. స్మార్ట్‌సీటీఎల్‌తో ఎస్‌సీటీ ఈఆర్‌సీ (తప్పు వచ్చినప్పుడు డిస్కు ఎంతసేపు ప్రయత్నించాలన్న గడువు) విలువ అడిగితే చదవడానికి 70, రాయడానికి 70 అని రావాలి. అవి సెకనులో పదో వంతులు, అంటే 7 సెకన్లు. 'డిసేబుల్డ్' అని వస్తే ఆ విలువలను మనమే పెట్టొచ్చు. చాలా డిస్కులు కరెంటు పోయి వస్తే దాన్ని మరిచిపోతాయి కాబట్టి సర్వర్ మొదలయ్యే ప్రతిసారీ నడిచే స్క్రిప్టులో వేయాలి. అసలు ఆ సదుపాయమే లేదని వస్తే లైనక్స్ వైపు గడువును 30 నుంచి 180 సెకన్లకు పెంచుకోవడం ఒక్కటే దారి. రెడీమేడ్ పెట్టెలు కొన్నవాళ్లకు ఈ పని పెట్టె తయారీదారే చేసి ఉండొచ్చు, అయినా డిస్కు సర్వర్ వరసలోదై ఉండటం మేలు.

ఇక సైజు. ఎంత పెద్ద డిస్కు అయితే అంత లాభమని వ్యాసంలో ధ్వనించింది. సగటున సెకనుకు 200 ఎంబీ వేగంతో 20 టీబీ డిస్కును చివరిదాకా రాయడానికి లక్ష సెకన్లు, దాదాపు 28 గంటలు. ఇది సర్వర్ మీద ఇంకే పనీ లేనప్పటి మాట. బయటి అంచున 260, 270 ఎంబీలు చూపించే డిస్కు లోపలి ట్రాకులకు వచ్చేసరికి సగానికి పడిపోతుంది కాబట్టి ప్రకటనలోని వేగంతో లెక్క వేసుకోకూడదు. ఇంట్లోవాళ్లు సినిమాలు చూస్తూ ఉంటే రెండు రోజులు. నాలుగు 20 టీబీ డిస్కులను రెయిడ్ 5లో (ఒక్క డిస్కు పోతే తట్టుకునే అమరికలో) పెడితే, ఒకటి పోయినప్పుడు మిగిలిన మూడింటి నుంచి 60 టీబీ తప్పు లేకుండా చదవాలి. డెస్క్‌టాప్ డిస్కుల స్పెసిఫికేషన్లో చదవలేని తప్పు 1 పక్కన 14 సున్నాలు పెట్టినన్ని బిట్లకు ఒకటి అని ఉంటుంది, అంటే 12.5 టీబీకి ఒకటి. పెద్ద సర్వర్ డిస్కులకు 15 సున్నాలు, 125 టీబీకి ఒకటి. మొదటి అంకె పట్టుకుని రెయిడ్ 5 పని అయిపోయిందని కొందరు ఏళ్లుగా చాటింపు వేస్తున్నారు. అది అతి. ఆ అంకె కంపెనీ ఇచ్చే హామీకి హద్దు, నిజంగా 12.5 టీబీకి ఒక తప్పు వస్తుంటే నెలనెలా స్క్రబ్ (డేటా అంతా చదివి తప్పులు వెతికే పని) నడిపేవాళ్లకు ప్రతి నెలా కనిపించాలి, కనిపించడం లేదు. కానీ రీబిల్డ్ మధ్యలో ఒక్క తప్పు వచ్చినా ఏమవుతుందన్నది సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఉంటుంది. జడ్‌ఎఫ్‌ఎస్ అయితే ఆ ఫైలు పేరు చెప్పి మిగిలిందంతా కాపాడుతుంది. కొన్ని హార్డ్‌వేర్ రెయిడ్ కార్డులు రీబిల్డ్‌నే ఆపేస్తాయి.

నా మటుకు, 10 టీబీ దాటిన డిస్కులు నాలుగు లేదా ఎక్కువ ఉంటే రెండు డిస్కులు పోయినా నిలిచే రెయిడ్ 6 గానీ, జడ్‌ఎఫ్‌ఎస్‌లో రెండు ప్యారిటీల (పోయినదాన్ని లెక్కగట్టేందుకు దాచే అదనపు డేటా) అమరిక గానీ వాడమంటాను. ఇంటి అవసరం 16 టీబీ లోపే అయితే ప్యారిటీ జోలికే పోకుండా రెండు పెద్ద డిస్కులను మిర్రర్ చేయడం (రెండింటిలోనూ ఒకే డేటా ఉంచడం) అన్నిటికంటే శుభ్రం. రీబిల్డ్ అంటే అక్కడ ఒకదాన్నుంచి ఇంకోదానికి కాపీ, అంతే. పెట్టె పాడైనా ఒక్క డిస్కు తీసి వేరేచోట చదువుకోవచ్చు. సైజు లెక్కలో ఇంకో చిన్న కిటుకు: కంపెనీ టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు, చాలా పెట్టెలు చూపించేది 1024 లెక్కన. 20 టీబీ డిస్కు 18.19గా, 16 టీబీది 14.55గా కనిపిస్తుంది. అమ్మినవాడు మోసం చేశాడని ఎవరూ కంగారుపడక్కర్లేదు.

ఇప్పుడు నమ్మకం మాట. స్పెసిఫికేషన్లో ఎంటీబీఎఫ్ (రెండు వైఫల్యాల మధ్య సగటు సమయం) 10 లక్షల గంటలు అని ఉంటే డిస్కు 114 ఏళ్లు బతుకుతుందని కాదు. ఏడాదిలోని 8760 గంటలను దానితో భాగిస్తే వచ్చే 0.88 శాతం, ఆ ఏడాదిలో పాడయ్యే అవకాశం. 25 లక్షల గంటలైతే 0.35 శాతం. ఇవి కంపెనీ అంకెలు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో పెద్ద కంప్యూటర్ కేంద్రాల లెక్కలు తీస్తే ఏటా మార్చాల్సి వచ్చిన డిస్కులు 2 నుంచి 4 శాతం తేలాయి, కొన్నిచోట్ల 13 శాతం దాకా వెళ్లాయి. ఇప్పుడు అందరూ చూసేది బ్యాక్‌బ్లేజ్ సంస్థ 2013 నుంచి సేకరిస్తూ బయటపెడుతున్న లెక్క. అక్కడ ఇటీవలి సంవత్సరాల్లో అన్ని మోడళ్లకూ కలిపి ఏడాదికి దాదాపు 1 నుంచి 1.7 శాతం మధ్య ఉంటోంది. మంచి వనరే, కానీ చదివే తీరు తెలియాలి. ఒక మోడల్ డిస్కులు 60 ఉన్నాయనుకోండి. మూడు నెలల్లో ఒకటి పాడైతే 5400 డిస్కు-రోజులకు ఒకటి, అంటే ఏడాదికి 6.8 శాతమని పట్టికలో ఎక్కుతుంది. ఆ ఒక్కటీ పాడవకపోతే సున్నా. రెండు అంకెలకూ విలువ లేదు. వేలల్లో డిస్కులు, కనీసం రెండేళ్ల వయసు ఉన్న వరసలను మాత్రమే పట్టించుకోవాలి. అప్పుడు కూడా చూడాల్సింది 3, 4 శాతం దాటిన మోడల్ ఏదైనా ఉందా అన్నది, 0.8కీ 1.2కీ మధ్య తేడా కాదు.

ఎందుకంటే, ఏటా 1.5 శాతం పాడయ్యే డిస్కులు నాలుగు పెట్టుకుంటే అయిదేళ్లలో కనీసం ఒకటి పోయే అవకాశం 26 శాతం. ఎంతో వెతికి 0.8 శాతం మోడల్ తెచ్చుకుంటే 15 శాతం. తేడా ఉంది, కాదనను. కానీ ఏడు ఇళ్లకు ఒక ఇంట్లో డిస్కు పోవడం మాత్రం అప్పుడూ తప్పదు. అంచేత మోడల్ పట్టికల మీద వారాలు గడిపేవాళ్లు అందులో సగం సమయం రెండో బ్యాకప్ మీద పెడితే బాగుంటుంది. రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానేస్తే పొరపాటున చెరిపేసిన ఫోల్డర్‌ను రెయిడ్ అన్ని డిస్కుల మీదా ఒకేసారి, ఎంతో విధేయంగా చెరిపేస్తుంది.

సర్వర్ వరస డిస్కుకు, ఎంటర్‌ప్రైజ్ డిస్కుకు తేడా ఏమిటని పాఠకులకు సందేహం రావచ్చు. మొదటి రకం వారంటీ సాధారణంగా 3 ఏళ్లు, ఏడాదికి 180 టీబీ పని. ప్రో, ఎంటర్‌ప్రైజ్ రకాలకు 5 ఏళ్లు, 300 నుంచి 550 టీబీ. ఈ 'పని'లో రాసినదే కాదు, చదివినదీ కలుస్తుంది. 12 టీబీ డిస్కును నెలనెలా పూర్తిగా స్క్రబ్ చేస్తే ఏడాదికి 144 టీబీ ఒక్క స్క్రబ్‌కే పోతుంది, మన వాడకానికి మిగిలేది 36. 180 టీబీ రకం పెద్ద డిస్కులున్నవాళ్లు రెండు మూడు నెలలకోసారి స్క్రబ్ పెట్టుకోవడం సబబు. ఇంకో తేడా ప్రకంపనలు. ఒకే రేకు పెట్టెలో ఆరెనిమిది డిస్కులు తిరుగుతుంటే ఒకదాని అదురు ఇంకోదాని హెడ్‌ను దారి తప్పిస్తుంది. దాన్ని పసిగట్టి సర్దుకునే సెన్సర్లు పెద్ద రకాల్లో ఉంటాయి. రెండు డిస్కుల పెట్టెకు అవి లేకపోయినా నష్టం లేదు. ఎంటర్‌ప్రైజ్ డిస్కులు ఒక్కోసారి సర్వర్ రకం కంటే చవకగా దొరుకుతాయి, తప్పక తీసుకోవచ్చు, చప్పుడు భరించగలిగితే. 7200 ఆర్‌పీఎం మీద తిరుగుతూ హెడ్ కదిలినప్పుడల్లా టకటకమంటాయి. కొన్ని మోడళ్లు ఏ పనీ లేకున్నా కొన్ని సెకన్లకోసారి 'టక్' మంటూనే ఉంటాయి. అది లోపం కాదు, తయారీయే అంత. పడకగదిలో పెట్టే పెట్టెకు మాత్రం పనికిరావు.

హీలియం అన్న మాట చూసి భయపడేవాళ్లున్నారు. 2013లో 6 టీబీ డిస్కుతో మొదలైన పద్ధతి ఇది. గాలి సాంద్రతలో ఏడో వంతే ఉండే వాయువు కాబట్టి ప్లాటర్లు తేలిగ్గా తిరుగుతాయి, కరెంటు తక్కువ, వేడి తక్కువ. వెస్టర్న్ డిజిటల్ డిస్కుల్లో స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) 22వ అంశం హీలియం మట్టం చూపిస్తుంది, అది 100 నుంచి దిగడం మొదలైతే డిస్కు మార్చేయాలి. దీని మీద ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

చవక డిస్కుల గురించి మాత్రం వివరంగా చెప్పాలి, పాఠకులు ఎక్కువగా బోల్తా పడేది అక్కడే. యూఎస్‌బీ పెట్టెలో వచ్చే పెద్ద డిస్కు లోపలి డిస్కు కంటే చవకగా ఉందని కొని, ప్లాస్టిక్ విప్పి సర్వర్‌లో పెట్టుకోవడం చాలామంది చేస్తున్న పనే. అలా పెట్టిన డిస్కు అస్సలు తిరగకపోతే అది చచ్చినట్టు కాదు. డిస్కును కంప్యూటర్‌కు కలిపే సాటా పద్ధతి కొత్త ప్రమాణంలో పవర్ కనెక్టర్ మూడో పిన్నుకు 3.3 వోల్టులు అందితే డిస్కు ఆగిపోవాలని ఉంది. పాత పవర్ సప్లైలు ఆ పిన్నుకు ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటాయి. మూడో పిన్ను మీద సన్నటి కాప్టన్ (వేడికి తట్టుకునే) టేపు ముక్క అంటిస్తే తిరుగుతుంది. మామూలు టేపు వేడికి జిగురు కారుతుంది, వద్దు. మోలెక్స్ (పాత రకం పవర్ కనెక్టర్) నుంచి సాటాకు మార్చే తీగ కూడా పనిచేస్తుంది గానీ తీగలను ప్లాస్టిక్‌లో పోతపోసిన చవక రకం లోపల కలిసిపోయి కాలిపోయిన సందర్భాలు కోకొల్లలు. తీగలు విడివిడిగా నొక్కి బిగించిన కనెక్టర్ రకమే తీసుకోవాలి. ఇవన్నీ దాటినా వారంటీ దగ్గర పేచీ ఉంటుంది, లోపల ఏ మోడల్ వస్తుందో విప్పేదాకా తెలియదు.

వాడిన డిస్కుల్లో ఎస్‌ఏఎస్ (పెద్ద సర్వర్లలో వాడే వేరే కనెక్షన్) రకం ఉంటాయి. చూపుకు సాటాలాగే ఉన్నా డేటా, పవర్ కనెక్టర్ల మధ్య ఖాళీ ఉండదు, మామూలు మదర్‌బోర్డుకు పట్టవు. కొన్నిటి సెక్టార్ 512 బైట్లకు బదులు 520 ఉంటుంది, వాటిని ముందు తిరిగి ఫార్మాట్ చేయాలి. వాడినదాన్ని వాడినదని చెప్పి అమ్మితే తప్పు లేదు. 2025 ఆరంభంలో బయటపడింది అది కాదు: డేటా సెంటర్లలో వేల గంటలు తిరిగిన సీగేట్ డిస్కులను స్మార్ట్ లెక్క చెరిపేసి కొత్తవిగా అమ్మేశారు. ఆ కంపెనీ డిస్కుల్లో 'ఫార్మ్' అనే వేరే లాగ్ ఒకటి ఉంటుంది, స్మార్ట్‌సీటీఎల్ 7.4 నుంచి దాన్ని చదవగలదు. స్మార్ట్‌లో 3 గంటలు, ఫార్మ్‌లో 20,000 గంటలు కనిపిస్తే ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. ఏ కంపెనీదైనా కొన్నరోజే సీరియల్ నంబరును తయారీదారు వెబ్‌సైట్లో వేసి వారంటీ ఎప్పటిదాకా ఉందో చూడాలి. కంప్యూటర్ కంపెనీలకు టోకున అమ్మిన డిస్కు అయితే మనకు నేరుగా వారంటీ లేదని అక్కడే తేలిపోతుంది.

పార్శిల్ వచ్చాక డేటా ఎక్కించే ముందు పరీక్ష తప్పనిసరి. డిస్కు చుట్టూ గాలి బుడగల కవరు ఒక్క పొర మాత్రమే చుట్టి పెద్ద అట్టపెట్టెలో దొర్లేలా పంపితే తెరవకుండానే వెనక్కి ఇచ్చేయడం మంచిది. బాగానే వస్తే ముందు స్మార్ట్ అంకెలన్నీ ఒక ఫైల్లో దాచుకోవాలి. ఆ తర్వాత స్మార్ట్ లాంగ్ టెస్ట్, అంటే డిస్కు తనను తాను మొత్తం పరీక్షించుకోవడం. 20 టీబీకి ఒక రోజుకు పైగా పడుతుంది. తర్వాత బ్యాడ్‌బ్లాక్స్ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం రాసి, మొత్తం చదవాలి. దాని మామూలు పద్ధతిలో నాలుగు నమూనాలు రాసి నాలుగుసార్లు చదువుతుంది, 20 టీబీకి తొమ్మిది రోజులు దాటుతుంది. ఇంటి అవసరానికి ఒక్క నమూనా చాలు, రెండు రోజుల పైచిలుకులో అయిపోతుంది. 18 టీబీ, ఆపై డిస్కులకు బ్లాకు సైజు 4096 ఇస్తే బ్లాకుల సంఖ్య 32 బిట్లకు మించిపోయి అది మొదలే కాదు, 8192 ఇవ్వాలి. ఈ పరీక్ష డిస్కు మీద ఉన్నదంతా తుడిచేస్తుంది, అందుకని ఏ డిస్కు పేరు ఇస్తున్నారో సీరియల్ నంబరుతో రెండుసార్లు సరిచూసుకోండి. అయ్యాక స్మార్ట్ అంకెలు మళ్లీ తీసి పాతవాటితో పోల్చాలి. చెడ్డ సెక్టార్లను లెక్కపెట్టే 5, 197, 198 అంశాల్లో సున్నా కాకుండా ఏమి కనిపించినా కొత్త డిస్కును ఉంచుకోకూడదు. 199 పెరిగితే మాత్రం నేరం డిస్కుది కాదు, డేటా కేబుల్‌ది. కేబుల్ మార్చితే ఆ అంకె అక్కడే ఆగిపోతుంది, వెనక్కి రాదు. సీగేట్ డిస్కుల్లో 1, 7 అంశాల ముడి విలువ కోట్లలో కనిపించి గుండె గుభేల్మంటుంది. అందులో పెద్ద భాగం చేసిన పనుల లెక్క, తప్పుల లెక్క కాదు.

స్మార్ట్‌ను నమ్ముకుని నిశ్చింతగా ఉండటానికీ లేదు. గూగుల్ 2007లో ప్రకటించిన అధ్యయనంలో, ఉష్ణోగ్రతను పక్కన పెడితే, పాడైన డిస్కుల్లో 36 శాతం ఏ స్మార్ట్ హెచ్చరికా లేకుండానే పోయాయి. అదే అధ్యయనంలో మొదటి స్కాన్ తప్పు కనిపించిన డిస్కు తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం మిగతావాటికి 39 రెట్లు ఉంది. హెచ్చరిక వచ్చినప్పుడు ఊరుకోవద్దు, రాకపోతే ధైర్యపడొద్దు. వేడి 45 డిగ్రీలు దాటకుండా ఫ్యాను చూసుకుంటే చాలు.

పెట్టె సొంతంగా బిగించుకునేవాళ్లు పవర్ సప్లై దగ్గర పొరపాటు పడతారు. తిరుగుతున్నప్పుడు డిస్కుకు 5 నుంచి 9 వాట్లే, కానీ మొదలయ్యే క్షణంలో 12 వోల్టుల తీగ మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. ఎనిమిది డిస్కులకు ఒక్కసారిగా 190 వాట్లు. చాలకపోతే ఒకటో రెండో డిస్కులు కనిపించకుండా పోయి, నింద డిస్కు మీద పడుతుంది. ఒకటి తర్వాత ఒకటి మొదలయ్యే ఏర్పాటు కంట్రోలర్‌లో ఉంటే వాడుకోవాలి. పెద్ద డిస్కుల్లో చాలావాటికి నడిమి స్క్రూ రంధ్రం ఉండదని కూడా పాత ట్రేలు ఉన్నవాళ్లు గమనించాలి.

మరో మాట. డేటా ఎక్కించే ముందే ఎన్‌క్రిప్షన్ (తాళంచెవి లేనిదే చదవలేని రూపం) పెట్టుకోవాలి. వారంటీలో వెనక్కి పంపాల్సిన డిస్కు తిరగడమే మానేసి ఉంటుంది, అప్పుడు చెరపడం కుదరదు. అందులోని కాగితాలన్నీ ఎవరి చేతికో వెళ్తాయి. ఆ భయంతోనే వారంటీ ఉన్న డిస్కును అటక మీద పెట్టేసేవాళ్లు తక్కువేం లేరు.

చివరగా సంపాదకులకు ఒక విన్నపం. మీరు వేసే కొనుగోలు పట్టికల్లో సిరీస్ పేరు, ధర మాత్రమే ఉంటున్నాయి. ఇకముందు వాటి పక్కన పూర్తి మోడల్ నంబరు, సీఎంఆరా ఎస్‌ఎంఆరా అన్నది, వారంటీ ఏళ్లు, ఏడాదికి ఎన్ని టీబీల పని అన్నవి కూడా వేయండి. తయారీదారు చెప్పని గడిని ఖాళీగానే వదిలేయండి, ఆ ఖాళీ కూడా కొనేవాడికి పనికొస్తుంది.

భవదీయుడు,
స్టోరేజి సర్వర్ల నిర్వహణలో ఉన్న ఒక పాఠకుడు